అమ్మీ చేతికి ఒక్క రిమోట్ చాలు

మన ఇళ్లల్లో టీవీ ముందర ఉండే స్టూలు ఒకసారి చూడండి. టీవీ రిమోట్ ఒకటి, సెట్‌టాప్ బాక్సుది ఒకటి, ఇంటర్నెట్ స్టిక్ పెట్టుకున్నోళ్లకు దానిది ఒకటి, సౌండ్ బార్ ఉంటే దానిది ఇంకొకటి. ఏసీ ఉన్న ఇంట్లో గోడకు తగిలించింది ఒకటి. కరెంటు తక్కువ తింటాయని ఈమధ్య కొంటున్న బీఎల్‌డీసీ ఫ్యాన్లకు కూడా రిమోటే. మొత్తం ఆరు. పగలంతా ఆ ఇంట్లో ఉండే మనిషి మాత్రం ఒక్కరే. అమ్మీనో, దాదీనో, నానీమానో. ఆ ఆరింటిలో ఒక్కటీ పూర్తిగా ఆమె మాట వినదు.

కొడుకు బెంగళూరులోనో, చెన్నైలోనో, గల్ఫ్‌లోనో ఉంటాడు. కోడలు పనికి పోతుంది. పిల్లలు స్కూలుకు పోతారు. పొద్దున పదకొండు గంటలకు అమ్మీ టీవీ పెట్టాలనుకుంటుంది. ఎర్ర బటన్ నొక్కుతుంది. తెర వెలుగుతుంది, మధ్యలో 'నో సిగ్నల్' అని ఇంగ్లీషులో పడుతుంది. సెట్‌టాప్ బాక్సు వేరే రిమోట్‌తో ఆన్ చేయాలని ఆమెకు తెలుసు. కానీ ఏ రిమోట్ ఎవరిదో గుర్తుండదు. తప్పు రిమోట్‌లో ఏదో బటన్ తగిలి టీవీ ఇంకో ఇన్‌పుట్‌లోకి పోతుంది. ఇక ఆ పూటకు టీవీ లేనట్టే. సాయంత్రం మనవడు వచ్చి రెండు బటన్లు నొక్కి, "ఇంతే కదా దాదీ!" అని నవ్వుతాడు. ఇంట్లో అందరూ నవ్వుతారు. ఆమె కూడా నవ్వుతుంది.

నాకు మాత్రం ఇందులో నవ్వేదేమీ కనిపించదు. ఆమె కాపురం చేసిన ఇల్లు. ఆమె ఏరుకున్న పరదాలు, ఆమె నడిపిన వంటిల్లు. అట్లాంటి మనిషి తన హాల్లో తను కూర్చుని ఒక చిన్న పనికి ఇంకొకరి కోసం సాయంత్రం దాకా ఎదురుచూడాల్సి వస్తోంది. మన బోలీలో దీన్ని మొహతాజీ అంటారు. మన పెద్దోళ్లు దువాలో అడిగేదే అది కదా, 'యా అల్లాహ్, చేతులూ కాళ్లూ ఆడుతుండగానే తీసుకుపో, ఎవరికీ మొహతాజ్ చేయకు' అని. చేతులూ కాళ్లూ ఆడుతున్న మనిషిని మనమే రిమోట్లతో మొహతాజ్ చేసి పెట్టాం.

నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. ప్రతి ఇంట్లో అన్ని పనులూ చేసే రిమోట్ ఒకటి ఉండాలి. దాంట్లో కోడ్లు వేసి, ఆ ఇంటి పెద్దామె చేతిలో పెట్టాలి. ఆ కోడ్లు వేసే ఇల్మ్ కూడా ఇంట్లోనే ఉండాలి. ఇది శౌఖ్ కాదు, కొడుకులూ కూతుళ్ల జిమ్మేదారీ.

ఇన్ని రిమోట్లు ఎట్లా వచ్చాయి?

చాలామంది అమ్మీకి వయసైంది, అందుకే రావడం లేదనుకుంటారు. అది నాఇన్సాఫీ. పదిహేనేళ్ల కింద ఇదే అమ్మీ టీవీని బేషుగ్గా నడిపింది. అప్పుడు కేబుల్ వైరు నేరుగా టీవీ వెనక్కి వచ్చేది. ఒక రిమోట్, దాంట్లో ఛానెల్ పైకీ కిందికీ, సౌండ్ పైకీ కిందికీ. అంతే. దూరదర్శన్ ఏ నంబరో, ఉర్దూ ఛానెల్ ఏ నంబరో నోటికి వచ్చు.

2011లో కేబుల్ టీవీ చట్టాన్ని సవరించారు. దేశంలో ప్రతి ఇంటి కేబుల్ డిజిటల్ కావాలి, ప్రతి టీవీకి సెట్‌టాప్ బాక్సు ఉండాలి అన్నారు. నాలుగు దశల్లో చేశారు. హైదరాబాదు, విశాఖపట్నం రెండో దశలో, 2013 నాటికి మారాయి. చిత్తూరు, తిరుపతి లాంటి పట్టణాలు మూడో దశలోకి వచ్చాయి. పల్లెలకు ఆఖరి గడువు 2017 మార్చి 31. ఆ ఏడాదే డిసెంబరులో ఏపీ ఫైబర్‌నెట్‌ను రాష్ట్రపతి ప్రారంభించారు. నెలకు 149 రూపాయలకు టీవీ, ఇంటర్నెట్, ఫోన్ అన్నారు. ఆ బాక్సూ కొన్ని ఇళ్లకు వచ్చింది. బొమ్మ బాగా వచ్చింది, ఛానెళ్లు పెరిగాయి, ఇందులో ఖరాబ్ ఏమీ లేదు. కానీ అంతకుముందు టీవీ రిమోట్ ఒక్కటే చేసే పని రెండు ముక్కలైంది. ఆన్ చేయడం, సౌండు పెంచడం ఒక రిమోట్‌లో మిగిలాయి. ఛానెల్ మార్చడం ఇంకో రిమోట్‌కు పోయింది. తర్వాత వచ్చిన ప్రతి సామానూ తన రిమోట్‌ను తనే తెచ్చుకుంది.

అమ్మీ మారలేదు. ఆమె చుట్టూ సామాను మారింది. బాక్సు బిగించడానికి వచ్చిన అబ్బాయి పది నిమిషాల్లో కొడుక్కి చెప్పి పోయాడు. ఆమెకు ఎవరూ చెప్పలేదు.

రిమోట్ ఏం మాట్లాడుతుంది?

రిమోట్ ముందర ఉండే చిన్న బల్బు నుంచి వెలుతురు వస్తుంది. అది మన కళ్లకు కనబడని ఇన్‌ఫ్రారెడ్ వెలుతురు. ఫోన్ కెమెరా తెరిచి రిమోట్ మూతి దానికి చూపించి బటన్ నొక్కితే, చాలా ఫోన్లలో, ముఖ్యంగా సెల్ఫీ కెమెరాలో, ఊదారంగు మిణుకు కనిపిస్తుంది. రిమోట్ చచ్చిందా బతికిందా తెలుసుకోవడానికి ఇంతకంటే ఆసాన్ పరీక్ష లేదు.

ఆ వెలుతురు సెకనుకు 38 వేల సార్లు అటూఇటూగా ఆరి వెలుగుతుంది. గదిలోని ఎండ, ట్యూబ్‌లైటు వెలుతురులోంచి తన సంకేతాన్ని టీవీ వేరుచేసి పట్టుకోవడానికే ఈ ఏర్పాటు. ఆ మిణుకుల్లోనే మాట ఉంటుంది. ఆ మాటను అమర్చే తీరు కంపెనీకో రకం. ఎన్ఈసీ అనే జపాన్ కంపెనీ పద్ధతిలో ఒక్కో మాటకు 32 ముక్కలు ఉంటాయి. 'నేను పలానా సామానుతో మాట్లాడుతున్నా' అనేది సగం, 'పలానా పని చెయ్' అనేది సగం. తప్పు పడకుండా ప్రతి సగాన్నీ తిరగేసి మళ్లీ చెబుతుంది. ఫిలిప్స్ తెచ్చిన పాత పద్ధతిలో 14 ముక్కలే. సోనీ పద్ధతి మళ్లీ వేరు, దాని మిణుకు సెకనుకు 40 వేలు.

పాత చిత్తూరు జిల్లా మనుషులకు దీన్ని అర్థం చేసుకోవడం ముష్కిల్ కాదు. పలమనేరు సంతలో నిలబడితే తెలుగు, తమిళం, కన్నడం, మన దఖ్ఖనీ నాలుగూ చెవిన పడతాయి. తమిళమే తెలిసిన బేరగాడితో కన్నడంలో ఎంత అరిచినా బేరం కాదు. రిమోట్లు అట్లాంటివే. ప్రతి రిమోట్‌కూ ఒకే భాష వచ్చు. యూనివర్సల్ రిమోట్ అనేది నాలుగు భాషలూ వచ్చిన సంత దలాల్. కోడ్ వేయడమంటే ఏమిటి? 'చూడు భాయి, ఈ టీవీతో ఈ భాషలో మాట్లాడు, ఆ బాక్సుతో ఆ భాషలో మాట్లాడు' అని దలాల్ చెవిలో చెప్పడం.

ఈ ఆలోచన ఇప్పటిది కాదు. ఆపిల్ కంపెనీ పెట్టినోళ్లలో ఒకడైన స్టీవ్ వోజ్నియాక్, 1987లోనే సిఎల్ 9 అనే తన కొత్త కంపెనీ తరఫున 'కోర్' అనే రిమోట్ తెచ్చాడు. ఇంట్లోని వేరే రిమోట్ల సంకేతాలను అది నేర్చుకునేది. దాదాపు నలభై ఏళ్ల కిందటి తాలీమ్ ఇది. మన హాల్లోకి మాత్రం ఇంకా రాలేదు.

కోడ్ వేసే తరీఖా

ముందుగా ఒక ముఫ్త్ మాట. కొత్త రిమోట్ కొనక్కర్లేకుండానే సగం ఇళ్లల్లో పని అయిపోవచ్చు. మీ సెట్‌టాప్ బాక్సు రిమోట్ తీసి చూడండి. చాలా రిమోట్ల పైభాగంలోనో కింది భాగంలోనో ఒక గీత గీసి, దాంట్లో నాలుగైదు బటన్లు పెట్టి 'టీవీ' అని రాసుంటారు. పక్కన 'సెట్' అని చిన్న బటన్. అవి నేర్చుకునే బటన్లు. టీవీ రిమోట్ దగ్గర పాఠం నేర్చుకోవడానికే పెట్టారు. ఏళ్ల తరబడి మనం వాటిని ముట్టుకోలేదు.

నేర్పించేది ఇట్లా. 'సెట్' బటన్‌ను లైటు నిలకడగా వెలిగే దాకా, మూడు నుంచి ఐదు సెకన్లు, నొక్కి పట్టుకోండి. ఆ గీతలోని పవర్ బటన్ ఒకసారి నొక్కండి. ఇప్పుడు టీవీ రిమోట్‌ను దానికి ఎదురుగా, మూతికి మూతి, రెండు మూడు వేళ్ల దూరంలో పెట్టి, టీవీ రిమోట్‌లోని పవర్ నొక్కండి. లైటు గబగబా మిణుకుమంటే నేర్చుకున్నట్టు. అట్లాగే సౌండ్ పెంచేది, తగ్గించేది, మ్యూట్, ఇన్‌పుట్ మార్చేది. ఆఖర్న 'సెట్' ఇంకోసారి నొక్కితే బయటికి వస్తుంది. కంపెనీని బట్టి వరుస కొంచెం మారుతుంది, అసలు తరీఖా ఇదే. పది నిమిషాల పని. ఆ తర్వాత టీవీ రిమోట్‌ను బీరువాలో పెట్టేయొచ్చు. పారేయకండి, అదే ఉస్తాద్. రేపు శాగిర్దు పాఠం మరిచిపోతే మళ్లీ నేర్పించాల్సింది అదే.

అట్లాంటి బటన్లు లేకపోతే యూనివర్సల్ రిమోట్ కొనుక్కోవాలి. దాంతో పాటు ఒక కాగితం వస్తుంది, టీవీ కంపెనీల పేర్లు, ఎదురుగా మూడంకెల, నాలుగంకెల కోడ్లు. మొదట ఏ సామానుకు వేస్తున్నారో ఆ బటన్ నొక్కాలి, టీవీకి టీవీ, బాక్సుకు ఎస్‌టీబీ. తర్వాత లైటు వెలిగే దాకా సెటప్ నొక్కి పట్టుకుని కోడ్ కొట్టాలి. లైటు ఆరితే ఒప్పుకున్నట్టు. ఒక కంపెనీ ఎదురుగా పది కోడ్లు ఉంటాయి, ఎందుకంటే ఒకే కంపెనీ ఒక్కో కాలంలో ఒక్కో భాష వాడింది. కాగితం పోతే వెతికించే దారి ఉంది. టీవీ ఆన్‌లో పెట్టి, రిమోట్‌ను వెతికే తీరులో పెడితే అది ఒక్కో కోడ్ పంపుతూ పోతుంది. టీవీ ఆరిన క్షణంలో ఆపి ఖాయం చేయాలి. సబర్ కావాలి, ఐదు నిమిషాలు పట్టొచ్చు.

ఇక్కడ జనం ధోకా తినే చోట్లు మూడున్నాయి.

ఒకటి, ఆ నాలుగంకెలు టీవీకి పోయే సంకేతం కాదు. అది ఆ రిమోట్ కడుపులో ఉండే పట్టికలో వరుస నంబరు. ఒక కంపెనీ రిమోట్ కోడ్ల కాగితం ఇంకో కంపెనీ రిమోట్‌కు పనికిరాదు. యూట్యూబ్‌లో చూసిన కోడ్ మీ దాంట్లో పని చేయలేదంటే మీ రిమోట్ పాడైందని కాదు.

రెండు, టీవీ ఆరింది కదా అని అక్కడితో ఆగకండి. పవర్ ఒక్కటే పని చేసి, మిగతా బటన్లు మొరాయించే కోడ్లు ఉంటాయి. సౌండు, మ్యూట్, ఇన్‌పుట్, అంకెలు అన్నీ నొక్కి చూడాలి. సరిపోకపోతే తర్వాతి కోడ్.

మూడు, అన్నింటికంటే ముఖ్యం. కుదిరిన కోడ్‌ను అప్పటికప్పుడు రాసి, సెల్లుల మూత లోపలి వైపు అతికించండి. కొన్ని రిమోట్లు సెల్లులు తీసి ఎక్కువసేపు పెడితే అంతా మరిచిపోతాయి. కోడ్ అక్కడే ఉంటే ఇంట్లో ఎవరైనా రెండు నిమిషాల్లో మళ్లీ వేస్తారు.

ఏది కాదో కూడా తెలియాలి

అన్నీ ఒక్క రిమోట్‌తో అయిపోతాయని నేను ఝూట్ చెప్పను. ఇంటర్నెట్ స్టిక్కుల రిమోట్లు చాలావరకు బ్లూటూత్‌తో నడుస్తాయి. వెలుతురుతో మాట్లాడే రిమోట్ వాటికి వినబడదు. దానికి ఇంకో దారి ఉంది. టీవీ సెట్టింగుల్లో హెచ్‌డీఎంఐ సీఈసీ అని ఉంటుంది. శాంసంగ్ దాన్ని ఎనీనెట్ ప్లస్ అంటుంది, ఎల్‌జీ సింప్‌లింక్ అంటుంది, సోనీ బ్రావియా సింక్ అంటుంది. పేర్లు వేరు, పని ఒకటే. దాన్ని ఆన్ చేస్తే, అదే సౌలభ్యం ఉన్న సామాన్లు హెచ్‌డీఎంఐ వైరులోనే ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. ఒకటి వెలిగితే రెండోదీ వెలుగుతుంది.

ఏసీ రిమోట్ కథ వేరు. టీవీ రిమోట్ 'ఒక మెట్టు పెంచు' అంటుంది. ఏసీ రిమోట్ ప్రతిసారీ మొత్తం హాల్ చెబుతుంది, '24 డిగ్రీలు, చల్లగా, ఫ్యాన్ మెల్లగా' అని అన్నీ కలిపి. అందుకే చిన్న తెర ఉన్న ఏసీ రిమోట్ వేరేగానే ఉండనివ్వండి. ఆరు రిమోట్లు రెండైతే అదే చాలా.

చేసి పెట్టడం చాలదు

ఇప్పుడు అసలు బహస్‌కు వస్తా. 'సరే, ఈద్‌కు ఊరికి పోయినప్పుడు సెట్ చేసి వస్తా' అంటారు మన అబ్బాయిలు. చేసి వస్తారు కూడా. మూడు నెలలకు సెల్లులు అయిపోతాయి. కొత్తవి వేస్తే కోడ్ పోయింటుంది. అమ్మీ మళ్లీ పాత స్టూలు దగ్గరికి. కాబట్టి ఇచ్చి రావాల్సింది ఇల్మ్.

పలమనేరులో ఉండే మా ఖాలాకు ఈ పని చేసేటప్పుడు నేను పక్కనే కూర్చుని, బటన్లన్నీ ఆమె చేతనే నొక్కించాను. మొదట "నక్కో బాబా, మేరెకు నై ఆతా" అని చేతులు వెనక్కి తీసుకుంది. రెండు రిమోట్లూ మూతికి మూతి పెట్టమన్నాను. లైటు మిణుకుమనగానే, "అరె, యే సీక్ లియా క్యా?" అని అడిగింది. నేర్చేసుకుందా ఇది, అని. మిగతా నాలుగు బటన్లూ తనే నేర్పించింది. తర్వాత పక్కింటి ఆపాను పిలిచి ఆమె రిమోట్‌కు కూడా చేసింది. అరవై ఏడేళ్ల మనిషి. కుట్టుమిషను దారం తెగితే కళ్లు మూసుకుని ఎక్కించే వేళ్లకు ఐదు బటన్లు రావని మనం ఎట్లా అనుకున్నాం?

చదువు అడ్డమంటారు. మన పెద్దోళ్లలో ఖురాన్ షరీఫ్ నాజిరాగా చదవగలిగినోళ్లు, ఉర్దూ చదవగలిగినోళ్లు ఉంటారు, ఇంగ్లీషు అక్షరం మాత్రం రాదు. దూదేకుల ఇళ్లల్లో తెలుగే చదువుతారు. ఆమెకు ఏ రస్మ్-ఉల్-ఖత్ వస్తే దాంట్లోనే, పెద్ద అక్షరాల్లో, ఒక కాగితం మీద నాలుగు వరుసలు రాయండి. ఏ అక్షరమూ రాని వాళ్లకు రంగులు చాలు. పవర్ మీద ఎర్ర నెయిల్ పాలిష్ చుక్క, సౌండు మీద ఆకుపచ్చ, ఛానెల్ మీద తెల్ల చుక్క. పనికిరాని బటన్ల మీద మందపాటి టేపు అతికించేయండి. నలభై బటన్ల రిమోట్ ఏడు బటన్లది అయిపోతుంది.

టీవీ మీద ఇంత బహస్ ఎందుకు, టీవీయే ఫిత్నా అనే పెద్దమనుషులూ మనలో ఉన్నారు. టీవీ ఉండాలా వద్దా అనేది ఎవరి ఇంటి ఫైసలా వాళ్లది. కానీ ఒకటి ఆలోచించండి. రిమోట్ చేతకాని మనిషి టీవీ పెట్టుకోలేకపోవడమే కాదు, ఆపుకోనూ లేదు. ఎవరో పెట్టిపోయిన సీరియల్ ఏడుపులు మధ్యాహ్నమంతా వింటూ కూర్చుంటుంది. అజాన్ వినబడితే సౌండు తీసేయాలని ఆమెకు ఉంటుంది, మ్యూట్ ఏ రిమోట్‌లో ఉందో తెలియదు. లేచి స్విచ్చు పీకేస్తుంది. మళ్లీ పెట్టడం రాదు. పెట్టడం, ఆపడం రెండూ చేతిలో ఉంటేనే అది ఇఖ్తియార్.

'ఫోన్‌లోనే రిమోట్ ఉంది కదా' అని ఇంకో జవాబు వస్తుంది. నిజమే, షియోమీ ఫోన్లు చాలావాటిలో పై అంచున ఇన్‌ఫ్రారెడ్ బల్బు ఉంటుంది, యాప్‌లో కంపెనీ పేరు ఎంచుకుంటే చాలు. రిమోట్ విరిగిన రోజు అది నాకూ పనికొస్తుంది. కానీ ఆ ఫోన్ ఎవరి జేబులో ఉంటుంది? కొడుకు బయటికి పోతే రిమోట్ కూడా బయటికి పోయినట్టే. 'గొంతుతో చెబితే వింటుంది' అనేదీ ఉంది. మన అమ్మీలు మాట్లాడే దఖ్ఖనీని, తెలుగూ ఉర్దూ కలిసిన ఆ మాటను, ఆ యంత్రం ఎంత సరిగ్గా పట్టుకుంటుందో ఒకసారి ఇంట్లో పరీక్ష చేసి అప్పుడు చెప్పండి. చేతిలో పట్టుకునే బటన్‌కు బోలీతో పని లేదు.

మన ఊరి పక్కనే తయారవుతున్నాయి

ఇంట్లోవాళ్ల ఫర్జ్ చెప్పాను. కంపెనీల మీద మనకు ఉన్న హక్ కూడా చెప్పాలి.

టీవీలు ఎక్కడో సముద్రాల అవతల తయారై వస్తాయనే రోజులు పోయాయి. రేణిగుంట దగ్గరి డిక్సన్ ఫ్యాక్టరీలో షియోమీ టీవీల తయారీ 2018లో మొదలైంది. అదే ఏడాది డిసెంబరులో ఏర్పేడు దగ్గర వికృతమాలలో టీసీఎల్ కంపెనీ టీవీ తెరల ఫ్యాక్టరీకి శంకుస్థాపన జరిగింది. తిరుపతి, శ్రీకాళహస్తి, పుత్తూరు చుట్టుపక్కల పిల్లలు, వాళ్లలో మన పిల్లలూ, ఈ ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీల్లో షిఫ్టులు చేస్తున్నారు. తెర బిగించిన ఆ చేతులే ఇంటికొచ్చి అమ్మీకి రిమోట్ మార్చి ఇస్తున్నాయి. టీవీ మన జిల్లాలో తయారైనా, దాని పెట్టెలోని కాగితంలో మన భాష వెతుక్కోవాల్సి వస్తోంది.

అడగాల్సినవి పెద్ద కోరికలు కావు. టీవీ వెనక వోల్టేజీ, సీరియల్ నంబరు అచ్చు వేసే చోటే, అది రిమోట్‌తో ఏ పద్ధతిలో మాట్లాడుతుందో, దాని సంకేతాల పట్టిక ఎక్కడ దొరుకుతుందో ఒక వరుస వేయొచ్చు. ఆ ఒక్క వరుస ఉంటే మిస్త్రీకి, దుకాణందారుకు, ఇంట్లో పిల్లలకు వెతుకులాట తప్పుతుంది. ఇప్పుడు ఈ పట్టికలను చాలావరకు ప్రపంచంలో ఎవరెవరో శౌఖీన్లు తమ రిమోట్ల నుంచి పట్టుకుని, ఎల్ఐఆర్‌సీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ కోసం పోగు చేసి పెట్టారు. కంపెనీ ఇవ్వాల్సింది జనం ఖిద్మత్‌గా చేశారు.

కేంద్ర ప్రభుత్వం వినియోగదారుల కోసం 2022 డిసెంబరు 24న 'రైట్ టు రిపేర్' పోర్టల్ తెచ్చింది. కొన్న సామానును బాగు చేసుకునే హక్ మనదే, దానికి కావాల్సిన వివరాలు కంపెనీలు ముందుంచాలి అనేది దాని ఉద్దేశం. ఎలక్ట్రానిక్స్, ఇంటి సామాన్లు రెండూ దాంట్లో ఉన్నాయి. ఫోన్ల విడిభాగాల గురించి అక్కడ మాట్లాడే మనం రిమోట్ సంకేతాల గురించి కూడా అడగాలి. విరిగిన రిమోట్ వల్ల బంగారం లాంటి టీవీ మూలన పడితే అది కూడా మరమ్మత్తు సమస్యే.

ఇంకొకటి. భారత ప్రమాణాల సంస్థ టీవీ లోపలే ఉపగ్రహ ట్యూనర్ ఉండేలా ఒక ప్రమాణం తయారుచేసింది, నంబరు ఐఎస్ 18112, 2022 నాటిది. ఆ ప్రమాణంతో చేసిన టీవీకి మేడ మీద డిష్ వైరు తగిలిస్తే చాలు, ఉచిత ఛానెళ్లు బాక్సు లేకుండానే వస్తాయి. బాక్సు లేదంటే రెండో రిమోటూ లేదు. పదిహేనేళ్ల కింద అమ్మీకి ఉన్న ఆ సుకూన్ మళ్లీ వస్తుంది. కొత్త టీవీ కొనేటప్పుడు తెర ఎన్ని అంగుళాలని అడిగే మనం, 'దీంట్లో శాటిలైట్ ట్యూనర్ ఉందా?' అని కూడా అడగాలి. పది మంది అడిగితే దుకాణందారు కంపెనీని అడుగుతాడు.

తిరుపతి గాంధీ రోడ్డులోనో, చిత్తూరు బజారు వీధిలోనో దుకాణం నడిపే మన భాయిలకూ ఒక గుజారిష్. రిమోట్ అమ్మి ఇరవై రూపాయలు మిగిలించుకోవడం తిజారత్. "మీ టీవీ ఏది, మీ బాక్సు ఏది?" అని అడిగి, కోడ్ రాసిచ్చి అమ్మితే ఆ గిరాకీ మీ దుకాణం వదలదు. తెలుగులో, ఉర్దూలో నాలుగు వరుసల కాగితం ఒకటి జిరాక్స్ తీసి పెట్టుకుంటే ఖర్చు ఎంత?

ఈ జుమా సెలవుకో, వచ్చే ఆదివారానికో ఒక గంట తీయండి. బాక్సు రిమోట్‌లో నేర్చుకునే బటన్లు ఉన్నాయా చూడండి. లేకపోతే కొత్తది కొనండి. అమ్మీని పక్కన కూర్చోబెట్టుకుని ఆమె వేళ్లతోనే కోడ్ వేయించండి. మూత లోపల కోడ్ అతికించండి, బటన్లకు రంగు చుక్కలు పెట్టండి. ఆఖర్న రిమోట్ ఆమె చేతికిచ్చి మీరు గది బయటికి వచ్చేయండి. లోపలి నుంచి టీవీ సౌండు ఆమె పెంచిందో, ఆపిందో వినండి. రెండింటిలో ఏది చేసినా, ఆ ఫైసలా ఆమెదే.